పిచ్చుక కాలు గుర్తు

1938 జనవరి 9, గద్వాల

కొత్త నోటు పుస్తకం. తెలుగులో రాస్తాను. ఇంగ్లీషులో మొదలుపెడితే మూడో వాక్యానికే జహీరాకు ఉత్తరం రాస్తున్నట్టు అయిపోతుంది. పెళ్ళై సముద్రం అవతల ఏడెన్‌కు వెళ్ళిన ఆమెకు రాసిన నాలుగు ఉత్తరాలకు జవాబు రాలేదు. ఐదోది రాయను.

ఇది ఉత్తరం కాదు.

జనవరి 10

ఈ రోజు లుంగీల తనిఖీ. రోజూ చూసేదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు రాయమని కాన్వెంటులో సిస్టర్ చెప్పేది. రాసి చూస్తాను.

మా వసారాలో చాప. చాప మీద బొంబాయి కంపెనీ తరఫున తనిఖీకి వచ్చే గౌస్ పాషా సాబు. ముందు గజం బద్ద, దారాలు లెక్కపెట్టే భూతద్దం, పింగాణీ గిన్నెలో ఉప్పునీళ్ళు, తెల్ల గుడ్డ ముక్క, ఊదా సిరా ముద్ర, కత్తెర. నాయిన కింద నేసే ఇరవై మగ్గాల నుంచి వచ్చిన గళ్ళ లుంగీలు ఎడమ పక్కన దొంతర. నాయిన ఒక్కొక్కటి విప్పి అందిస్తాడు. పాషా సాబు కొలుస్తాడు, అంచు లాగి చూస్తాడు, ఒక మూలను ఉప్పునీళ్ళలో ముంచి తెల్ల గుడ్డ మీద రుద్దుతాడు. రంగు దిగకపోతే ముద్ర. ఏదైనా లోపం కనబడితే కత్తెరతో మూల కోసేస్తాడు. మూల తెగిన లుంగీని మళ్ళీ తనిఖీకి తేవడానికి లేదు. అది ఓడ ఎక్కదు.

నేను తలుపు వెనక. బొంబాయి కంపెనీకి కాగితం ఇంగ్లీషులో కావాలి. పాషా సాబుకు కళ్ళలో పొర కమ్మింది. ఆయన చెప్తాడు, నేను రాస్తాను. పోగులను ఇప్పుడు ఆయన భూతద్దంతో కంటే బొటనవేలి గోరుతోనే ఎక్కువ చూస్తున్నాడు.

"నంబర్ పద్నాలుగు. కొలత బరాబర్. పోగులు బరాబర్. రంగు... జర ఆగు. బరాబర్. రాసినవా బేటీ?"

రాశానని చెప్పడానికి తలుపు మీద పెన్సిలుతో ఒకసారి కొడతాను. అది మా పద్ధతి. మాట్లాడకుండా చేయగల పని నాకు దొరికింది ఇదొక్కటే.

పద్నాలుగో మగ్గం జోగమ్మది. మొగుడు పోయాక అతని మగ్గం మీద తనే కూర్చుంది. అరుగు మీద నుంచి ఆమె గొంతు వినిపించింది.

"చీరలు నేసిన చేతులివి సాబూ. ఇప్పుడు ఏడున్నరో తెల్వని మొగోళ్ళ నడుములకు నేస్తున్న."

"అరబ్బుల నడుము పెద్దది జోగమ్మా. జానెడు తక్కువైతే తిట్లు తినేది నేను, నువ్వు గాదు."

వసారా అంతా నవ్వింది. నేనూ నవ్వాను, తలుపు వెనక.

సాయంత్రం బేళ్ళు కుట్టారు. గోనె మీద నల్ల అక్షరాలు నేనే దిద్దాను. ఏడెన్.

జనవరి 16

జహీరా మూడు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. రెండోదానిలో ఇట్లా ఉంది: "మా ఆయన దుకాణంలో మీ ఊరి లుంగీలు దిగాయి. బేలు కుట్లు నేనే విప్పాను. గంజి వాసన వచ్చింది. ఎవరూ చూడకుండా ఒక లుంగీలో ముఖం పెట్టుకుని కాసేపు కూర్చున్నాను."

మూడోదానిలో: "నా పెళ్ళికి ఎందుకు రాలేదు?"

జవాబు రాశాను కదా, జ్వరం వచ్చిందని.

జనవరి 23

పాషా సాబుది వనపర్తే. జహీరా పుట్టిల్లూ అక్కడే, అదే వీధి కావచ్చు. ఆమె ఎట్లా ఉందని ఆయనను అడగవచ్చు. కానీ పరాయి ఇంటి ఆడపిల్ల గురించి మగవాణ్ణి అడగడం మర్యాద కాదు.

ఫిబ్రవరి 6

రేపు తనిఖీ. లుంగీలకు నంబరు చీటీలు కట్టడం నా పని. కడుతూ ఒక పని చేశాను.

సికింద్రాబాదు హాస్టల్లో అందరి బట్టలూ ఒకే చాకలికి వెళ్ళేవి. కలిసిపోకుండా ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు. జహీరాది పిచ్చుక కాలు, ఒకే చోట నుంచి విచ్చుకున్న మూడు కుట్లు, పసుపు దారం. నాది రెండు అడ్డగీతలు. ఆమె చొక్కాలకు నేను కుట్టిపెట్టేదాన్ని, నా వాటికి ఆమె. కుట్టు క్లాసులో సిస్టర్ గుడ్డ వెనక్కి తిప్పి చూసేది. జహీరా కుట్టు వెనకా ముందూ ఒకటే. నాది వెనక చూస్తే ముళ్ళకంప. "నీ పిచ్చుక కుంటిది" అని జహీరా నేను కుట్టిందంతా విప్పి మళ్ళీ కుట్టుకునేది. విప్పుతుందని తెలిసీ కుట్టేదాన్ని.

ఈ రోజు జోగమ్మ లుంగీల్లో ఒకదాని మూల లోపలి వైపున పిచ్చుక కాలు కుట్టాను. పక్కన రెండు గీతలు. రెండూ కలిపి కందిగింజంత. జోగమ్మదే ఎందుకంటే ఆమె అంచు అందరికంటే తిన్నగా ఉంటుంది. మంచిదానిలోనే ఉండాలి.

ఏడెన్‌లో బేలు విప్పేది జహీరానే. చూస్తుంది.

ఫిబ్రవరి 7

"నంబర్ పద్నాలుగు. బరాబర్."

పెన్సిలుతో కొట్టడం మరిచిపోయాను. "ఏం బేటీ, నిద్ర పోయినవా?" అన్నాడు. కొట్టాను. ఆయన బొటనవేలు ఆ మూల మీదుగానే వెళ్ళింది. ఆగలేదు.

ఫిబ్రవరి 9

స్టేషన్‌కు బండి వెళ్ళింది. రైలులో బొంబాయి ఎన్నాళ్ళో, బొంబాయి నుంచి ఓడ ఎన్నాళ్ళో పాత అట్లాసులో వేలితో కొలిచాను. నెల చాలు అనుకుంటాను. జవాబు రావడానికి ఇంకో నెల.

మార్చి 7

తనిఖీ. మళ్ళీ పద్నాలుగో మగ్గం గుడ్డ మీదే కుట్టాను. బరాబర్.

ఇది తప్పేమీ కాదు. గుడ్డకు నష్టం లేదు. మూడు కుట్లు, రెండు కుట్లు.

మార్చి 29

ఉత్తరం రాలేదు.

ఏప్రిల్ 4

ఈ నెల తనిఖీ లేదు. పాషా సాబుకు హైదరాబాదులో పెద్ద దవాఖానలో కంటి ఆపరేషనట. లుంగీలన్నీ, నేను మూడో గుర్తు కుట్టినదానితో సహా, మా ఇంట్లోనే పేరుకున్నాయి. గంజి వాసన నా పుస్తకాలకు కూడా పట్టింది.

ఏప్రిల్ 17

ఉత్తరం రాలేదు. పోస్టు బంట్రోతు మా ఇంటి దగ్గరకు వస్తే తల అడ్డంగా ఊపి నడక ఆపకుండానే పోతున్నాడు. నేను కిటికీలో ఉంటానని అతనికి తెలిసిపోయింది.

నువ్వు చూశావా? చూసి విప్పి మళ్ళీ కుట్టావా?

కాదు. ఇది ఉత్తరం కాదు.

మే 9, సోమవారం

పాషా సాబు వచ్చాడు. సోడా సీసా అడుగంత మందం అద్దాలు. వసారాలోకి వస్తూనే ఒక లుంగీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"అరే, ఇది ఆకుపచ్చనా! ఏడాది సంది నీలం అనుకుంటున్న."

నాయిన ముఖం చిన్నబోయింది. జోగమ్మ అరుగు మీద నుంచే అంది, "ఇగ మా పని అయిపోయినట్లే. సాబుకు కండ్లు పుట్టినయి."

అందరూ నవ్వారు. నిజంగా సంతోషంగానే ఉంది. ఆయన చిన్నపిల్లవాడిలా ప్రతి గుడ్డా తిప్పి తిప్పి చూశాడు. పదమూడు మగ్గాలవి అయ్యాయి. పద్నాలుగు దగ్గర "జర ఆగు" అన్నాడు. గుడ్డ మూలను అద్దాల దగ్గరకు తెచ్చుకున్నాడు.

"పెంటయ్యా, ఇది చూడు."

నాయిన వంగి చూశాడు. "దారం ఏదో అంటుకున్నట్లుంది సాబ్."

"అంటుకున్నది గాదు. సూదితో కుట్టింది. గుర్తు."

జోగమ్మను లోపలికి పిలిచారు. ఆమె చూసింది. "నేనేడ పెట్టిన? నాకు మగ్గం దప్ప సూది పట్టను గూడ రాదు."

పాషా సాబు నిదానంగా చెప్పాడు. వేరే ఊర్లో ఒక నేతగాడు ఇట్లాగే గుర్తు పెట్టి పంపేవాడట. బొంబాయి గోదాములో అతని మనిషి ఆ గుర్తు చూసి, మంచి గుడ్డ తీసి చెత్త గుడ్డ పెట్టేవాడట. అప్పటి నుంచి కంపెనీ రూలు ఒకటే. గుర్తు దొరికితే ఆ గుడ్డకు మూల కోయాలి. ఆ మగ్గం పేరు కొట్టేయాలి.

"సాబ్, ఆమె అసొంటిది గాదు. పదేండ్ల సంది చూస్తున్న," అన్నాడు నాయిన.

"నేనూ చూస్తున్న. రూలు నాది గాదు పెంటయ్యా." కత్తెర ఎత్తాడు, మళ్ళీ కింద పెట్టాడు. "ఇది ఇట్లనే పక్కకు పెట్టు. ఆత్మకూరు మగ్గాలు చూసి శనివారం తిరిగొస్త. రెండూర్ల కాగితాలు ఒక్కసారి బొంబాయికి పంపుత. బేటీ, రాసుకో. మగ్గం నంబర్ పద్నాలుగు. గుర్తు దొరికింది. పేరు కొట్టేయాలె."

రాశాను.

పెన్సిలుతో తలుపు మీద కొట్టాను.

మే 10

శనివారం వరకు టైముంది.

జోగమ్మకు లుంగీలే బతుకు కాదు. చీరల మగ్గం మళ్ళీ వేసుకోవచ్చు. ఆమెకే లుంగీలంటే ఇష్టం లేదు, ఎన్నోసార్లు అంది. నేను చెప్తే నాయిన పరువు పోతుంది. కాగితం రాసే ఇంట్లోనే గుర్తు పెట్టారంటే ఇరవై మగ్గాలకూ పని పోవచ్చు. అందరికీ నష్టం కంటే ఒకరికి

మే 11

ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం వచ్చినట్టుంది.

మే 12

జోగమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మతో కాదు, నాతోనే పని అంది. ఇన్నేళ్ళలో ఆమె నా ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి. వేళ్ళ నిండా గంజి ఎండి తెల్లగా ఉంది.

"బిడ్డా, బొంబాయోళ్ళకు ఇంగ్లీషుల ఒక అర్జీ రాసియ్యి. నేను దొంగను గాను అని రాయి."

కాగితం తీశాను.

"గా గుర్తు నేను పెట్టలే. ఎవరు పెట్టిన్రో నాకు తెల్వది. మా ఇంటాయన పోయినంక ఎనిమిదేండ్ల సంది నేస్తున్న, ఒక్క పోగు తక్కువ నెయ్యలే. రాసినవా?"

"రాసిన."

"పెద్దగ చదువు."

ఇంగ్లీషులో చదివాను. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ప్రతి వాక్యానికీ తల ఊపింది.

"మంచిగుంది. వింటుంటె గూడ నిజం లెక్కనే ఉన్నది." నవ్వింది. "చీరల మగ్గం గుంతల కూసోని నా మోకాళ్ళు పోయినయి బిడ్డా. లుంగీ చిన్న పని. ఇది పోతే ఇగ నేను ఏది నెయ్యలేను. అందుకే అడుగుతున్న."

వేలిముద్ర వేసింది. వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "గా పెట్టినోళ్ళకు నా మీద ఏం పగనో."

పగ కాదు. నీ అంచు అందరికంటే తిన్నగా ఉంటుంది. అదే కారణం.

అనలేదు.

మే 13

జ్వరం రాలేదు.

మొన్న రాలేదు. రెండేళ్ళ కిందట పెళ్ళికి ముందూ రాలేదు. జహీరా వాళ్ళమ్మ అక్తర్ బేగం స్వయంగా రైలెక్కి గద్వాలకు వచ్చి పిలిచింది. నా గడ్డం పట్టుకుని "నువ్వు లేకుంటే అది నికాకు ఒప్పుకోదట బిడ్డా" అంది. బట్టలు కూడా సర్దుకున్నాను. పొద్దున బండి టైముకు దుప్పటి ముసుగు వేసుకుని జ్వరమన్నాను. అమ్మ నుదురు ముట్టుకుని చూసింది. చల్లగా ఉందని ఆమెకు తెలుసు. దుప్పటి సరిచేసి వెళ్ళిపోయింది.

వెళ్తే జహీరా ఓడ ఎక్కడానికి బయలుదేరడం చూడాల్సి వచ్చేది. పదిమంది ముందు ఏడ్చేదాన్ని. అంతే కారణం. అంత చిన్న కారణం.

నాలుగు ఉత్తరాల్లోనూ జ్వరమనే రాశాను.

మే 14, శనివారం

పొద్దున పది గంటలకు పాషా సాబు ఆత్మకూరు నుంచి వచ్చాడు. జోగమ్మ అర్జీ పట్టుకుని అరుగు మీద ఉంది. ఆయన లుంగీ తెమ్మన్నాడు. కత్తెర తీశాడు. "బేటీ, కాగితం" అన్నాడు. ఎప్పుడూ తలుపు సందులోంచి అందిస్తాను.

ఈ రోజు బయటికి వచ్చి ఇచ్చాను.

నాయిన "పుష్పా" అన్నాడు, అంతే. పాషా సాబు అద్దాలు సర్దుకుని నన్ను చూశాడు. "ఇంత చిన్నపిల్లవా. గొంతు ఎన్నడు వినలే, పెన్సిలు చప్పుడే విన్న."

కాగితం అడుగున ఒక వరుస రాత్రే కలిపాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. మొత్తం రెండుసార్లు చదివాడు.

"తెలుగుల చెప్పు. ఆమెకు గూడ వినపడాలె."

కాగితం వెనక్కి తీసుకుని, రాసినదే చదువుతున్నట్టు చదివాను. "గుర్తు జోగమ్మది కాదు. ఆమెకు ఏమీ తెలియదు. కాగితం రాసే మనిషి కుట్టింది. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, ఇది మూడోది."

జోగమ్మ లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. "నువ్వా?" అంది. "మొన్న నా ముందర కూసోని, నా మాట రాసుకుంట... నువ్వా?"

"నేనే పెట్టిన."

"నాలుగు దినాలు నాకు కంటి మీద కునుకు లేదే! నీ చేతికే నా అర్జీ ఇచ్చిన గదనే!"

నాయిన తల ఎత్తలేదు. ఆయన తల దించుకోవడం నేను చూడలేదు ఇంతకుముందు.

పాషా సాబు పద్నాలుగో నంబరు ముందు రాసిన "పేరు కొట్టేయాలి" మీద తనే అడ్డంగా గీత గీశాడు. ముందుకు వంగి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా. తర్వాత లుంగీ తీసుకున్నాడు.

"గుర్తున్న గుడ్డ ఓడ ఎక్కది. అది మాత్రం రూలే."

మూల కోసేశాడు. జోగమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె నేసిన గుడ్డకు కత్తెర పడటం ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

"ఇగ కాగితం నేనే రాసుకుంట బేటీ. కండ్లు వచ్చినయి గద. నీ చేతిరాత మంచిదే. కాని కాగితం రాసే చెయ్యి గుడ్డ మీద పడొద్దు."

తల ఊపాను. తలుపు వెనక నా పీట ఉంది. ఇక దానిమీద పని లేదు.

కోసిన ముక్క నా చేతిలో పెట్టాడు. "ఎవరికి ఈ గుర్తు?"

"నా దోస్తుకు. ఏడెన్ల ఉంటది. వాళ్ళ దుకాణంల మన బేళ్ళు తనే విప్పుతది. వనపర్తి అక్తర్ బేగం బిడ్డ. జహీరున్నీసా."

ఆయన అద్దాలు తీశాడు. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"బేళ్ళు ఏడెన్‌కే పోతయి. ఆ దుకాణానికి గాదు. ఆ దుకాణం మూతపడి ఏడాదాయె. ఆమె మొగడు పోయిండు, విషజ్వరంతోని. పిల్ల పోయిన రంజాన్ల తిరిగొచ్చింది. వనపర్తిల తల్లి దగ్గరనే ఉన్నది."

జోగమ్మ చేతిలోని అర్జీ మడిచింది. పాషా సాబు అద్దాలను మళ్ళీ తుడిచాడు.

"నన్ను అడిగింది గూడ. గద్వాల పోతున్నవా చాచా, పెంటయ్య బిడ్డ బాగున్నదా అని. బాగున్నది, కాగితం రాస్తది అన్న. ఊకున్నది."

"నాకు చెప్పలేదు మీరు."

"నువ్వు అడగలే గద బేటీ."

మే 16

రంజాన్ నుంచి. అంటే నేను ఈ పుస్తకం మొదలుపెట్టిన రోజున నువ్వు వనపర్తిలో ఉన్నావు. అట్లాసులో వేలితో సముద్రం కొలిచిన రోజున కూడా. కృష్ణ వంతెన దాటి రెండు గంటలు.

నాకు నువ్వెందుకు రాయలేదని అడగను. నువ్వు అడిగినదానికి నేనేం జవాబు ఇచ్చానో తెలుసు.

మే 22

నాయిన వారమంతా నాతో మాట్లాడలేదు. ఈ రోజు అన్నం తింటూ అన్నాడు, "ఆ పిల్ల పెండ్లికి నువ్వు పోకపోతే నాకే మంచిగనిపించలే. జ్వరమంటివి."

అమ్మ చారు వడ్డిస్తూ ఉంది. చెయ్యి ఆగలేదు.

జూన్ 2

జోగమ్మ ఇంటికి వెళ్ళాను. మూల తెగిన లుంగీ నేనే కొంటానన్నాను. "నీ పైసలు నాకెందుకే" అని మగ్గం దిగకుండానే అంది. మేకుల చుట్టూ దారం తిప్పే ఆసు పోయమని ముందు కూర్చోబెట్టింది. నా చేతులకు రాదు. రెండుసార్లు దారం తెంపాను. మూడోసారి తనే వచ్చి నా వేళ్ళు పట్టుకుని తిప్పింది. పొద్దు గూకే దాకా ఉన్నాను.

"ఇగ రేపు గూడ రా," అంది. "నా నాలుగు దినాలు తీరాలె."

జూన్ 6

తనిఖీ. లోపలి గదిలో ఉన్నాను. పాషా సాబు తనే చెప్పుకుంటూ తనే రాసుకుంటున్నాడు. బరాబర్ అన్న ప్రతిసారీ నా వేలు గోడ మీద కొట్టుకుంది.

ఆయన వెళ్ళేముందు కవరు తీసుకుని వసారాలోకి వచ్చాను.

"వనపర్తికి?" అన్నాడు.

"అవును."

"లోపల ఏమున్నదో చూడకుంట నేను ఏదీ తీసుకపోను. అలవాటు."

కవరు విప్పాడు. కోసిన ముక్క. ఉత్తరం కోసం కవరు దులిపాడు. లేదు. ఎనిమిది సార్లు మొదలుపెట్టాను, ఎనిమిదీ జ్వరం దగ్గరే ఆగిపోయాయి. చివరికి ముక్క ఒక్కటే పెట్టాను.

ఆయన భూతద్దం మడత విప్పి కుట్టు చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"తనిఖీల ఇది పాస్ గాదు బేటీ. పిట్ట కుంటుతున్నది."

"తెలుసు. ఆమెకు గూడ తెలుసు."

జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 19

వానలు మొదలయ్యాయి. పడుగులు బయట ఆరేయడానికి లేదు. జోగమ్మ దగ్గర ఆసు పోస్తున్నాను. ఈ వారం ఒక్కసారే తెంపాను.

పోస్టు బంట్రోతు కోసం చూడటం లేదు. చూస్తున్నాను.

జూన్ 30

ఆ ముక్క తిరిగి రాకపోవచ్చు. అట్లా పంపడం పిల్ల చేష్ట. మనిషి మొగుణ్ణి పోగొట్టుకుని వస్తే గుడ్డ ముక్క పంపుతారా ఎవరైనా?

జులై 4

తనిఖీ అయింది. అన్నీ బరాబరే. పాషా సాబు సామాను సర్దుకుని, గిన్నెలో ఉప్పునీళ్ళు పారబోసి, చేతులు తుడుచుకుని, అప్పుడు జేబులోంచి నా కవరే తీసి ఇచ్చాడు. "ఏం చెప్పలే. ఇది ఇచ్చింది."

ఉత్తరం లేదు. అదే ముక్క. ఉతికి ఉంది. గంజి పోయి మెత్తగా అయింది.

గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర చూశాను. పిచ్చుక కాలు విప్పేసింది. నా వంకర సూది రంధ్రాలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటి మీదనే, అదే పసుపు దారంతో, మూడు కుట్లు. గీసినట్టు తిన్నగా. వెనక్కి తిప్పాను. వెనకా అంతే. ముడి ఎక్కడ వేసిందో కనబడలేదు.

నా రెండు గీతలు ముట్టుకోలేదు. అవి నేను కుట్టినట్టే వంకరగా ఉన్నాయి.

ముక్క పట్టుకునే వసారాలోకి పరుగెత్తాను. పాషా సాబు అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

"సాబూ, ఆమె బాగున్నదా?"

ఆయన నవ్వాడు. "ఇప్పుడు అడిగినవా," అన్నాడు. "పోయి చూసుకో."

జులై 10

నాయినను అడిగాను. గట్టిగానే అడిగాను, అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. గురువారం మగ్గం పనిముట్ల కోసం నాయిన ఎట్లాగూ ఆత్మకూరు వెళ్ళాలి. వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగి నాతో మోటారు బస్సెక్కి, వనపర్తిలో జహీరా వాళ్ళింట్లో నన్ను దింపి పోతానన్నాడు.

జోగమ్మకు చెప్పాను. మూల తెగిన లుంగీ మడత పెట్టి ఇచ్చింది. "వట్టి చేతులతోని పోతరా? ఇది గామె కోసమే గద నాశనం చేసినవు. ఇచ్చెయ్యి."

జులై 13, బుధవారం

రేపు పొద్దున బండి. చీరలు రెండు, లుంగీ, ఉత్తరాలు మూడు, ఆ ముక్క. సర్దాను. మొదట ఏం మాట్లాడాలో అనుకున్నాను. జ్వరం రాలేదు అనే మొదలుపెడతాను.

నిన్న జోగమ్మ ఇంటి నుంచి వానలో తడిసి వచ్చాను. పొద్దుటి నుంచి తల బరువు. దీపం చూస్తే కళ్ళు మండుతున్నాయి. ఇందాక అమ్మ నూనె పెడదామని నా తల మీద చెయ్యి వేసి అట్లాగే ఆగిపోయింది. అరచేయి తిప్పి మళ్ళీ నుదుటి మీద పెట్టింది.

"నిజంగనే కాలుతున్నదే," అంది.

"లేదమ్మా. పొయ్యి దగ్గర కూసున్న."

అమ్మ కాసేపు నా ముఖం చూసింది. తర్వాత తన ఉన్ని శాలువా తెచ్చి నా మూటలో అన్నిటికంటే పైన పెట్టింది.